గోనెసంచి మీద పేరు ఎవరిది?

(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సమకాలీన కళా ప్రదర్శనలు: గుర్తింపు, శ్రమ, వస్తువు విలువ" అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను చిత్రకారుడిని కాను, కళా విమర్శకుడినీ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. నా జీవితంలో అధికభాగం దరఖాస్తుల మధ్య, రిజిస్టర్ల మధ్య గడిచిపోయింది. అయినా ఈ అంశంలోని మూడు మాటలూ నాకు పాత పరిచయస్థులే. దరఖాస్తులో పేరు, కులం, మతం అని ఒక గడి ఉంటుంది. అది గుర్తింపు. వృత్తి అని ఇంకొక గడి. అది శ్రమ. వార్షికాదాయం అని మూడో గడి. ఆ శ్రమకు లోకం కట్టిన విలువ అది. ఈ మూడు గడులనూ నింపించడంలోనే నా ఉద్యోగం పూర్తయింది. ఇవాళ ప్రపంచంలో కొందరు కళాకారులు ఈ మూడు గడుల మధ్య ఉన్న సంబంధాన్నే ప్రశ్నిస్తున్నారు. వారిలో ముగ్గురిని మీకు పరిచయం చేసి, వారి పని మన హక్కులకు ఎట్లా సంబంధించినదో నాకు తోచినంత విన్నవిస్తాను.

మొదటివారు ఇబ్రహీం మహామా. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశస్థుడు. ఆ దేశపు ఉత్తరభాగంలో, ముస్లిములు అధికసంఖ్యలో నివసించే తమాలే పట్టణంలో 1987లో జన్మించారు. ఆయన చేపట్టిన వస్తువు రంగూ కాదు, కాన్వాసూ కాదు. పాత గోనెసంచి. ఘనా కోకో పండించే ప్రధాన దేశాల్లో ఒకటి. ఆ కోకో గింజలను ఎగుమతి చేయడానికి కావలసిన జనపనార సంచులు ఆసియా నుంచి, ముఖ్యంగా మన బెంగాల్ ప్రాంతం నుంచి, బంగ్లాదేశ్ నుంచి అక్కడికి చేరతాయి. కోకో మోసిన సంచి తర్వాత బియ్యం మోస్తుంది, జొన్నలు మోస్తుంది, చివరికి బొగ్గు మోస్తుంది. చిరిగిన చోట అతుకు పడుతుంది. చేతులు మారినప్పుడల్లా దాని మీద ఒక కొత్త పేరో ముద్రో పడుతుంది. మహామా బజారుకు వెళ్లి కొత్త సంచులు ఇచ్చి ఈ పాతవాటిని మార్పిడి చేసుకుంటారు. పని వెతుక్కుంటూ పట్నాలకు వచ్చిన శ్రామికులను కూర్చోబెట్టి, కూలి ఇచ్చి, వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టిస్తారు. అట్లా తయారైన విశాలమైన గోనె దుప్పటిని పెద్ద పెద్ద భవనాలకు కప్పుతారు. 2015లో ఇటలీలోని వెనిస్ బినాలేలోనూ, 2017లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలోనూ ఆయన ఈ పని చేశారు. యూరప్‌లోని ఘనమైన రాతి గోడలు కొన్నాళ్లపాటు ఆఫ్రికా కూలీల చెమట అంటిన గోనెలో నిలబడ్డాయి.

ఈ సంచి మనకు కొత్తది కాదు. మన విజయనగరం ప్రాంతంలోనూ, ఏలూరులోనూ జనపనార మిల్లులు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు మొదట అడిగేది గోనెసంచుల గురించే. వాటిని వీపున మోసేవారిని మనం హమాలీలు అంటాం. హమ్మాల్ అన్న అరబ్బీ మాటకు మోసేవాడు అని అర్థం. అది ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిపోయింది. మన మార్కెట్ యార్డుల్లో అన్ని కులాల, అన్ని మతాల శ్రామికులకూ ఇదే పేరు. ఒక మాట ఏ మతానిదో, ఏ భాషదో ఎవరూ అడగకుండా బరువు మోసే చోట నిలిచిపోయింది. మన ఉమ్మడి జీవితానికి ఇంతకంటె మంచి సాక్ష్యం వేరే అక్కర లేదనుకుంటాను.

మహామా తీసిన ఛాయాచిత్రాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి శ్రామికుల ముంజేతులు. ఉత్తర ఘనా నుంచి దక్షిణాది నగరాలకు వలస వెళ్లేవారిలో కొందరు తమ పేరునో, బంధువుల పేర్లనో చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకుంటారు. దూరదేశంలో ఏదైనా ప్రమాదం జరిగితే తామెవరో పోల్చుకోవడానికి, ఇంటికి కబురు చేరడానికి అది ఆధారం. సంచి మీద యజమాని పేరు ఉంది. మోసేవాడి పేరు మోసేవాడి చర్మం మీదే ఉంది. సరుకు పోతే వెతకడానికి కాగితాలున్నాయి, మనిషి పోతే వెతకడానికి పచ్చబొట్టు మాత్రమే ఉంది. గుర్తింపు కార్డుల కోసం వరుసల్లో నిలబడే మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక విలువ సంగతి. బజారులో కొన్ని నాణేలు చేసే చినిగిన సంచి ప్రదర్శనశాలలోకి వెళ్లగానే ఖరీదైన వస్తువు ఎట్లా అవుతుంది? మహామా విషయంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఇద్దరు కళా వ్యాపారులు ఆయన గోనె దుప్పటిని దాదాపు 300 ముక్కలుగా కత్తిరించి, చట్రాలకు బిగించి, ఆయనచేత సంతకాలు చేయించారు. తర్వాత ఆయన అవి తన కళాకృతులు కావని ప్రకటించారు. వ్యాపారులు 2015లో అమెరికాలో దావా వేశారు. మరుసటి సంవత్సరం అది రాజీతో ముగిసింది. గోనె అదే, కుట్టు అదే, మరక అదే. "ఇది నాది" అన్న ఒక్క మాట మీద దాని ధర అంతా ఆధారపడి ఉంది. సంతకం లేని కాగితానికి ఏ విలువ ఉంటుందో గుమాస్తాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ సంచిని కుట్టినవారికి, మోసినవారికి సంతకం చేసే హక్కు ఎప్పుడూ లేదు. కళాకారుడు తన సంతకాన్ని కాపాడుకోవడానికి న్యాయస్థానం దాకా వెళ్లగలడు. దర్జీకి, హమాలీకి ఆ దారి లేదు.

ఈ ప్రశ్నను మనకంటె ముందు మహామాయే వేసుకున్నట్లు ఆయన తర్వాతి పనులు చెబుతున్నాయి. అమ్మకాల ద్వారా వచ్చిన ధనంతో ఆయన సొంత ఊరు తమాలేలో 2019లో ఒక కళాకేంద్రాన్ని తెరిచారు. తర్వాత రెడ్ క్లే అనే విశాలమైన ప్రాంగణాన్ని నిర్మించారు. పాత విమానాలను కొని తెప్పించి, వాటిని పిల్లలకు తరగతి గదులుగా మార్చారు. 2024లో లండన్‌లోని బార్బికన్ కేంద్రపు గోడలకు కప్పిన సుమారు 2,000 చదరపు మీటర్ల ఊదా, గులాబీ రంగుల వస్త్రాన్ని తమాలేలోనే వందలాది మంది చేత నేయించి, కుట్టించారు. దాని మీద సుమారు 100 పాత బటకారీలను అతికించారు. బటకారీ అంటే ఉత్తర ఘనాలో తొడిగే చేనేత అంగీ. తరతరాలుగా ఇళ్లల్లో దాచుకున్న అంగీలు అవి. 2025 డిసెంబరులో ప్రారంభమైన కొచ్చి-ముజిరిస్ బినాలేలోనూ ఆయన గోనెసంచులు, పాత కుర్చీలు ఒక పాత గిడ్డంగిలో కొలువుదీరాయి. బెంగాల్ నేలలో పుట్టిన నార ఆఫ్రికా చుట్టివచ్చి కళగా మళ్లీ మన దేశపు గిడ్డంగిలో అడుగుపెట్టినట్లయింది.

రెండవవారు జరీనా హాష్మీ. లోకం ఆమెను జరీనా అన్న ఒక్క పేరుతోనే ఎరుగును. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. ఆమె చదివింది గణితం. దేశ విభజన నాటికి ఆమెకు పదేళ్లు. తర్వాత కుటుంబం కరాచీకి వెళ్లింది. ఆమె మాత్రం దేశదేశాలు తిరిగి, చివరికి న్యూయార్కులో స్థిరపడి, 2020లో లండన్‌లో కన్నుమూశారు. ఆమె చేపట్టిన వస్తువు కాగితం. 1999లో ఆమె చేసిన 36 చెక్క అచ్చు చిత్రాల వరుసకు "ఇల్లు ఒక పరాయి చోటు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇల్లు, గడప, గోడ వంటి మాటలు ఒక్కొక్కటి ఉర్దూ లిపిలో, ఒక్కొక్క మాటకు కొన్ని గీతలతో ఒక్కొక్క చిత్రం. 2001లో చేసిన ఇంకొక చిత్రంలో భారత పాకిస్తాన్ సరిహద్దు ఒక్క నల్లని వంకర గీతగా కాగితం నిండా పాకుతుంది. మనుషుల బొమ్మలు లేవు, రక్తం లేదు. ఆ గీతను చూసినవాడికి మాత్రం లక్షల ఇళ్లు కనిపిస్తాయి.

కాగితాన్ని ఆమె మనిషి చర్మంతో పోల్చేవారు. ముడత పడుతుంది, మరక పడుతుంది, వయసు వస్తుంది, అయినా గుర్తు పెట్టుకుంటుంది. 2012లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆమె సమగ్ర ప్రదర్శనకు పెట్టిన పేరు కూడా ఆ భావంతోనే ఉంది. 2011లో వెనిస్ బినాలేలో భారత ప్రభుత్వం మొదటిసారిగా అధికారికంగా ఒక మంటపం ఏర్పాటు చేసినప్పుడు దేశానికి ప్రాతినిధ్యం వహించిన కళాకారుల్లో ఆమె ఒకరు. ఉర్దూ అక్షరాన్ని చెక్కిన అలీగఢ్ ఆడబిడ్డ భారతదేశం తరఫున నిలబడింది. ఉర్దూను ఒక మతానికి కట్టిపడేసి పరాయిదిగా చూపేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

కాగితం అనగానే దాన్ని తయారు చేసినవారు గుర్తుకు రావాలి. చేతి కాగితం తయారీ మన దేశంలో తరతరాలుగా కాగజీలనే ముస్లిం కుటుంబాల వృత్తి. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో వారు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పటి హైదరాబాద్ సంస్థానంలో భాగమైన ఔరంగాబాద్ దగ్గర కాగజీపురా అన్న ఊరి పేరే వారి పనిని చెబుతుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి మిల్లు కాగితం వచ్చి చాలా కాలమైంది. అయితే అంతకు ముందు శతాబ్దాలలో రాజుల ఫర్మానాలకూ, గ్రంథాలకూ, లెక్కల పుస్తకాలకూ ఆధారమైన కాగితం ఆ చేతులు చేసిందే. ఫర్మానా మీద పాదుషా ముద్ర ఉంది, రాసిన కాతిబ్ పేరు అప్పుడప్పుడు ఉంది, కాగితం చేసిన కాగజీ పేరు మాత్రం లేదు. ఛత్తా బజార్‌లో ఉర్దూ కాతిబులు చేతితో రాసిన శుభలేఖలు కంప్యూటర్ వచ్చాక ఎట్లా కనుమరుగయ్యాయో మీలో చాలామంది కళ్లారా చూశారు.

మూడవవారు రుమానా హుసేన్. 1952లో బెంగళూరులో పుట్టి, ముంబైలో పనిచేసి, 1999లో కాన్సరుతో మరణించారు. 1992 డిసెంబరు 6 వరకు ఆమె తైలవర్ణ చిత్రాలు వేశారు. బాబ్రీ మసీదు కూల్చివేత, ఆపైన ముంబై అల్లర్లు ఆమె చేతినుంచి కుంచెను లాగివేశాయి. పగిలిన మట్టికుండలు, గేరుమట్టి, నీలిమందు, అద్దం ముక్కలు ఆమె సామగ్రి అయ్యాయి. సగానికి పగిలిన కుండను బోర్లిస్తే గుమ్మటంలా కనిపిస్తుంది. అది ఇంట్లో నీళ్లు నింపే కుండ, ఆడదాని శరీరం, కూలిన కట్టడం, మూడూ ఒకేసారి గుర్తుకు వస్తాయి. 1998లో ఆమె చేసిన ఒక ప్రదర్శనలో ముస్లిం స్త్రీ గురించి లోకానికి ఉన్న ఊహలన్నిటినీ వరుస ప్రశ్నలుగా మార్చి ప్రేక్షకుల ముందు చదివారు. జవాబులు చెప్పలేదు. జవాబు ముందే మనసులో పెట్టుకుని వచ్చినవాడు ఆ ప్రశ్నల ముందు ఇబ్బంది పడి తీరాలి.

గమనించండి. ఈ ముగ్గురూ విలువైన సామగ్రి జోలికి వెళ్లలేదు. గోనె, కాగితం, పగిలిన కుండ. బంగారంతో గొప్పతనం చెప్పడం సులభం. పారవేయదగిన వస్తువు చేత సాక్ష్యం చెప్పించడం కష్టం.

ఇక్కడ మన సభలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. నిన్న నిర్వాహకులతో మాట్లాడుతున్నప్పుడు ఒక పెద్దమనిషి అడిగారు కూడా. "పిల్లలకు ఫీజులు కట్టలేక, రోగులకు మందులు కొనలేక ఉన్నవారికి ప్రదర్శనలెందుకు సాబ్?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి నా సమాధానం నాకు తెలిసిన రంగం నుంచే చెబుతాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం రిజర్వేషన్ల చరిత్ర మీకు తెలిసిందే. 2004లో ఉత్తర్వు, 2005లో చట్టం వచ్చాయి. ముస్లిములందరినీ కలిపి 5 శాతం ఇవ్వజూపిన ఆ ప్రయత్నాలను హైకోర్టు అంగీకరించలేదు. సామాజిక వెనుకబాటును సరైన పద్ధతిలో నిర్ధారించలేదన్నది ప్రధాన ఆక్షేపణల్లో ఒకటి. తర్వాత పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక ఆధారంగా 2007లో వచ్చిన చట్టం 14 వర్గాలను పేర్కొని 4 శాతం కల్పించింది. దాన్నీ హైకోర్టు 2010లో కొట్టివేయగా, సుప్రీంకోర్టు అదే ఏడు మధ్యంతర ఉత్తర్వుతో ఆ 14 వర్గాలకు కొనసాగించింది. ఆ జాబితాను ఒకసారి చదవండి. అత్తరు సాయెబులు, ధోబీ ముస్లిములు, హజాములు, ఖురేషీలు, ఫకీర్లు, తురక కాశలు, రోళ్లకు కక్కు కొట్టేవారు. అంతకు ముందునుంచే వెనుకబడిన వర్గాల జాబితాలో ఉన్న దూదేకులను, లద్దాఫులను, పింజారులను వీరికి చేర్చండి. ఆ పేర్లలో ఎన్నో పనుల పేర్లే. దూది ఏకిన చేయి, రాయి చెక్కిన చేయి, బట్ట ఉతికిన చేయి ఆ జాబితాలో ఉన్నాయి. అంటే న్యాయస్థానం ముందు మన హక్కును నిలబెట్టిన ఆధారం మన శ్రమే.

అయితే ఆ శ్రమకు సంబంధించిన ఆనవాళ్లు మన దగ్గర ఏమి మిగిలాయి? యంత్రం వచ్చాక దూదేకుల విల్లు అటకెక్కింది. మిక్సీ వచ్చాక రోళ్లకు కక్కు కొట్టే ఉలి తుప్పు పట్టింది. రిజిస్టరులో కులం పేరుగా పని మిగిలింది, పనిముట్టు మిగలలేదు, పనివాడి పేరు మిగలలేదు. రేపు ఎవరైనా లేచి "మీ వెనుకబాటుకు రుజువేమిటి, ఈ నేలకు మీరు చేసిందేమిటి" అని అడిగితే చూపడానికి మన దగ్గర జీవోల నకళ్లు తప్ప ఏమున్నాయి? ప్రదర్శన అవసరం ఇక్కడ ఉంది. అది ధనికుల వినోదంగా ఉండనక్కరలేదు. అది సాక్ష్యాల గది కావచ్చు.

ఇప్పుడు బతికి ఉన్న పనులను చూద్దాం. బీదర్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, ఉలితో చెక్కి, వెండి తీగ పొదిగి, పాత కోట మట్టితో నల్లబరిచే బిద్రీ పని మన పాతబస్తీకి కూడా చేరింది. ఆ పనిలో జీవితమంతా గడిపిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం ఆలస్యంగానైనా వచ్చిందని సంతోషిద్దాం. కానీ మ్యూజియం అద్దాల వెనుక ఉన్న పాత బిద్రీ హుక్కాల దగ్గర సాధారణంగా ఊరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, వాడిన నవాబు వంశం ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు గాజుకు వచ్చింది. వేడి లక్కను వేళ్లతో సాగదీసే స్త్రీల వేళ్ల మీది బొబ్బలకు గుర్తింపు రావలసి ఉంది. మగ్గం వర్కు జాకెట్టు దుకాణంలో వేలల్లో అమ్ముడవుతుంది. చట్రం ముందు వంగి కూర్చుని జర్దోజీ కుట్టే కుర్రవాడికి దక్కేది రోజు కూలి. నడుము, చూపు నలభై ఏళ్లకే దెబ్బతింటాయి. జాకెట్టు మెడ దగ్గర దుకాణం పేరు ఉంటుంది. సంచి మీద యజమాని పేరు ఉన్నట్లే.

కాబట్టి మాటలతో సరిపెట్టకుండా మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, ప్రతి బస్తీలోనూ, ప్రతి పట్టణంలోనూ మన చేతిపనివారి పట్టిక తయారు చేద్దాం. పేరు, వయసు, పని, నేర్పిన ఉస్తాద్ పేరు, వాడే పనిముట్లు. కేంద్ర జౌళి శాఖ చేతివృత్తులవారికి పహచాన్ కార్డులు ఇస్తోంది. అర్హులైనవారికి దరఖాస్తు నింపి పెట్టే బాధ్యత మనలో చదువుకున్నవారు తీసుకోవాలి. ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను.

రెండు, 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం గుర్తింపు పొందిన వస్తువును తయారు చేసే వ్యక్తి తానే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. సంఘానికో సంస్థకో వచ్చిన గుర్తింపు తన చేతికి వచ్చేది అప్పుడే. వ్యాపారి నమోదు చేసుకుని, పనివాడు చేసుకోకపోతే చట్టం కూడా దుకాణం వైపే నిలబడుతుంది.

మూడు, మన పాఠశాల హాలులోనో, షాదీఖానాలోనో ఒక ప్రదర్శన పెడదాం. అటక మీది విల్లు దించుదాం. తుప్పు పట్టిన ఉలిని, లక్క కాల్చే కుంపటిని, అత్తరు సీసాను, హమాలీ భుజం మీది గోనె పట్టాను తీసుకువద్దాం. ఒక్కొక్క వస్తువు పక్కన ఒక చీటీ పెడదాం. అందులో అయిదు సంగతులు రాద్దాం: చేసినవారి పేరు, పట్టిన రోజులు, వాడిన సరుకు ఖరీదు, అందిన కూలి, దుకాణంలో అమ్ముడైన ధర. ఆ చీటీలు మన పిల్లలే రాయాలి. తన నాయనమ్మ పేరును, ఆమెకు అందిన కూలిని తన చేత్తో రాసిన పిల్లవాడికి గుర్తింపు, శ్రమ, విలువ అన్న మూడు మాటలకూ అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ప్రదర్శనకు అన్ని మతాలవారినీ, అన్ని వృత్తులవారినీ పిలుద్దాం. సాలె, కుమ్మరి, మేదరి సోదరుల చీటీల్లోనూ ఇవే లెక్కలు ఉంటాయి. కూలికీ ధరకూ మధ్య దూరం అందరికీ ఒకటేనని ఆ గోడ మీద కనిపిస్తుంది.

మహామా వెనిస్‌లోనూ కాసెల్‌లోనూ భవనాలకు గోనె కప్పారు. మనకు అంత పెద్ద గుడ్డ అక్కర లేదు. చీటీ కాగితం చాలు, దాని మీద చేసినవారి పేరు తప్పులు లేకుండా రాస్తే చాలు. రాసిపెట్టే ఓపిక ఉన్నవారు ఈ సభ ముగిశాక నా దగ్గరికి వచ్చి తమ పేరు, తమ బస్తీ చెప్పండి. పట్టిక ఇవాళే మొదలుపెడదాం.